పలుచని పొరల్లో ముడతలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫిల్మ్‌లో (పలుచని పొరలో) ముడత వచ్చిందంటే, దాన్ని పెంచిన చోటి నుంచి మరో ఉపరితలం మీదికి ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్ల చెయ్యి సరిగ్గా లేదు.

వాస్తవం: ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ముందు పడే తిట్లు ఇవే. పొర కింద నీళ్లు చిక్కుకుంటే ముడతలు వస్తాయి, కాదనను. కానీ గ్రాఫీన్‌ను (ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొరను) రాగి రేకు మీద సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచుతాం. చల్లారేటప్పుడు రాగి కుంచించుకుపోతుంది, గ్రాఫీన్ మాత్రం దాంతోపాటు కుంచించుకోదు. మిగిలిపోయిన ఆ పొడవు ముడతలుగా లేస్తుంది. అంటే ఫర్నేస్ తలుపు తీసేసరికే కొన్ని పడి ఉంటాయి. ఇక చెయ్యిని ఏమంటాం?

అపోహ: నొక్కితేనే ముడత పడుతుంది, లాగితే పోతుంది.

వాస్తవం: పొడవాటి పాలిథీన్ పట్టీని రెండు చివర్లా గట్టిగా పట్టుకుని లాగండి. లాగిన దిశలోనే గీతల్లా ముడతలు వస్తాయి. పొడవు సాగితే వెడల్పు తగ్గాలి. చివర్లు బిగించి ఉన్నాయి కాబట్టి అక్కడ తగ్గలేదు, దాంతో మధ్యభాగంలో అడ్డంగా నొక్కుడు పుడుతుంది. దాన్ని పలుచని పొర తట్టుకోలేదు. ఎందుకంటే మందం సగమైతే సాగదీయడానికి పట్టే శక్తి సగం అవుతుంది, వంచడానికి పట్టేది మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అలాంటప్పుడు పొర వంగడానికే మొగ్గుతుంది.

ఇంకా గట్టిగా లాగితే? ముడతలు దగ్గరపడతాయి, అదీ చాలా నిదానంగా. సెర్డా, మహదేవన్ అనే శాస్త్రవేత్తలు 2003లో ఇచ్చిన సూత్రం ప్రకారం ముడతల మధ్య దూరం సగం కావాలంటే సాగుడు 16 రెట్లు పెరగాలి. కాబట్టి "ఇంకొంచెం టెన్షన్ పెంచు, పోతుంది" అనే సలహాను నేను పట్టించుకోను.

అపోహ: ముడత పడ్డ శాంపిల్ పారేయాల్సిందే.

వాస్తవం: ట్రాన్సిస్టర్ చేయాలంటే అవును. కొలతలకైతే అదే పనికొస్తుంది. నీళ్ల మీద తేలే పాలీస్టైరీన్ (ఒక రకం ప్లాస్టిక్) పొర మీద ఒక నీటిచుక్క వేస్తే చుట్టూ కిరణాల్లా ముడతలు వస్తాయి. వాటి సంఖ్య, పొడవుల నుంచి పొర మందం, బిరుసుతనం లెక్కకట్టవచ్చని 2007లో చూపించారు.

అపోహ: ఏ బలమూ పడకపోతే పొర చదునుగానే ఉంటుంది.

వాస్తవం: వేలాడదీసిన గ్రాఫీన్‌ను 2007లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే సుమారు 1 నానోమీటర్ ఎత్తున అలలు కనిపించాయి. ఆ పొర మందం 0.34 నానోమీటర్లే! ఈ ఎగుడుదిగుళ్లు పొరను బిరుసు చేస్తాయి కూడా. 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మైక్రాన్ల వెడల్పున్న గ్రాఫీన్ పట్టీలను వంచి చూస్తే, పరమాణు స్థాయి విలువకంటే వేల రెట్లు ఎక్కువ బిరుసుతనం వచ్చింది. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో పుస్తకంలోని ఆ పరమాణు స్థాయి అంకె పెట్టేసి, ప్రయోగంతో కలవట్లేదని తల పట్టుకునేవాళ్లు ముందు ఇది సరిచూసుకోండి.