ఎయిడ్స్ డబ్బు చిన్న సంఘాల చేతికి ఎలా వచ్చింది

టీఐ ప్రాజెక్టులో పనిచేసేవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే, ఏప్రిల్లోనో మేలోనో ఒకసారి "జీతం పడిందా?" అని అడిగి చూడండి. చాలామంది నవ్వి ఊరుకుంటారు. టీఐ అంటే టార్గెటెడ్ ఇంటర్వెన్షన్, హెచ్ఐవీ ప్రమాదం ఎక్కువున్నవాళ్ల దగ్గరికే వెళ్లి చేసే నివారణ పని. రాష్ట్ర ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీ గ్రాంటు ఇస్తుంది, ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థో లేదా సెక్స్ వర్కర్లు తామే పెట్టుకున్న సంఘమో దాన్ని నడుపుతుంది. ఒక అద్దె గది, ఒక మేనేజరు, కౌన్సెలరు, లెక్కలు రాసే మనిషి, కొందరు ఔట్‌రీచ్ వర్కర్లు, వాళ్ల కింద పీర్ ఎడ్యుకేటర్లు, అంటే అదే పనిలో ఉండి తోటివాళ్లకి చెప్పేవాళ్లు. అంతే సరంజామా. గ్రాంటు వాయిదా ఆలస్యమైతే ముందు ఆగేది పీర్ల గౌరవ వేతనం, ఆ తర్వాత గది అద్దె.

ఈ గొడవ పేపర్లోకి ఎక్కినప్పుడల్లా బయటివాళ్లు ఒక ప్రశ్న వేస్తుంటారు. ఇన్ని ఆస్పత్రులున్నాయి, ఏఎన్ఎంలున్నారు, ఆశాలున్నారు, మళ్లీ ఈ చిన్న సంఘాలకి విడిగా డబ్బులివ్వడం ఎందుకు? ప్రశ్నలో తప్పేమీ లేదు. జవాబు చెప్పాలంటే మాత్రం 40 ఏళ్లు వెనక్కి పోవాలి.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ దగ్గర చదువుతున్న నిర్మల అనే విద్యార్థిని తన పరిశోధన కోసం సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించడానికి బయల్దేరింది. బొంబాయిలోలాగా అక్కడ ఫలానా వీధి అని పేరున్న చోటేమీ లేదు. వెతికి వెతికి చివరికి పోలీసులు పట్టుకొచ్చిన ఆడవాళ్లని ఉంచే రిమాండ్ హోమ్‌కి వెళ్లి నమూనాలు తీసుకుంది. వాటిని పరీక్షించే సదుపాయం మద్రాసులో లేక వెల్లూరు సీఎంసీకి పట్టుకెళ్లారు. మన దేశంలో హెచ్ఐవీ ఉందని మొదటిసారి తెలిసింది అలాగే. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ మొదటిరోజే అసలు చిక్కు కూడా బయటపడింది. ఎవరికి ప్రమాదం ఎక్కువో వాళ్లు డాక్టరుకి కనపడరు, కనపడేది పోలీసు పట్టుకున్నప్పుడే.

ప్రభుత్వాలకి మొదట తోచిందీ పోలీసు పద్ధతే. గోవాలో 1989లో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేస్తే హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది, అంతే, పట్టుకెళ్లి ఒంటరిగా నిర్బంధించారు. రెండు నెలలకి పైగా. అదే ఏడాది పార్లమెంటులో ఎయిడ్స్ నివారణ బిల్లు అని ఒకటి పెట్టారు, రోగుల్ని వెతికి పట్టుకుని వేరుచేసే అధికారాలతో. తర్వాత దాన్ని ఉపసంహరించుకున్నారు, కానీ అప్పటికే భయం పాకిపోయింది. టెస్టుకి వెళ్తే పట్టుకుపోతారు అనుకున్న మనిషి టెస్టుకి ఎందుకు వెళ్తాడు?

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అదే నాకో, వచ్చింది. ప్రపంచ బ్యాంకు 8 కోట్ల 40 లక్షల డాలర్లు అప్పిచ్చింది. తొలి ఏళ్లలో చాలా శ్రద్ధ రక్తనిధుల మీద, గోడల మీద రాతల మీద పోయింది. (ఆ పోస్టర్లు గుర్తున్నాయా, పుర్రె బొమ్మలు, "ఎయిడ్స్ అంటే మరణం"? వాటివల్ల జరిగిన నష్టం గురించి విడిగా రాయాలి.)

అసలు మలుపు అదే ఏడాది కలకత్తాలో వచ్చింది. సెక్స్ వర్కర్ల పేట సోనాగాచిలో సుఖవ్యాధుల మీద పని మొదలుపెట్టిన డాక్టర్ స్మరజిత్ జానా, అక్కడి ఆడవాళ్లకి పాఠాలు చెప్పే పని నర్సులకో సోషల్ వర్కర్లకో ఇవ్వలేదు, ఆ ఇళ్లలో ఉండే వాళ్లకే ఇచ్చారు. వాళ్లు ఆకుపచ్చ కోట్లు వేసుకుని గడపగడపకీ తిరిగేవాళ్లు. ఆ కోటు సంగతి చిన్నగా తీసిపారేయకండి. నిన్నటిదాకా వీధిలో తలెత్తి నడవలేని మనిషికి అది ఉద్యోగి అనే గుర్తింపు. 1995లో వాళ్లంతా కలిసి దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ పెట్టుకున్నారు. వడ్డీ వ్యాపారుల నుంచి బయటపడటానికి ఉషా అని సహకార సంఘం పెట్టబోతే, సభ్యులకి సత్ప్రవర్తన ఉండాలనే నిబంధన అడ్డొచ్చింది. గృహిణులమని రాసి రిజిస్టర్ చేసుకోమని సలహా కూడా ఇచ్చారట. ఒప్పుకోలేదు. చివరికి నిబంధనే మారింది. 1999 నాటికి ఆ ఆరోగ్య కార్యక్రమం మొత్తం వాళ్ల చేతికే వచ్చేసింది. 1990ల చివరికి బొంబాయి సెక్స్ వర్కర్లలో సగానికి పైగా హెచ్ఐవీ ఉంటే కలకత్తాలో అది పది శాతం లోపే ఉండిపోయింది. తేడా అంతా ఒక్క ప్రాజెక్టు పుణ్యమే అని నేననను, రెండు నగరాల్లో పరిస్థితులు వేరు. కానీ ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి ఇది కనపడకుండా పోలేదు.

ఇక డబ్బు ఎలా పంపాలి అన్న ప్రశ్న. ఇది వినడానికి బోరుగా ఉంటుంది కానీ కథంతా ఇందులోనే ఉంది. మామూలుగా కేంద్రం డబ్బు రాష్ట్ర ఖజానాకి వెళ్తుంది, అక్కడ ఆర్థిక శాఖ ఫైలు కదిలాక ఆరోగ్య శాఖకి, తర్వాత జిల్లాకి. ఈలోగా ఆర్థిక సంవత్సరం అయిపోతుంది. తమిళనాడు 1994లో దీనికో ఉపాయం కనిపెట్టింది, ఎయిడ్స్ పనికి విడిగా ఒక సొసైటీ రిజిస్టర్ చేసి డబ్బు నేరుగా దాని ఖాతాలో పడేలా చేసింది. అది బాగా పనిచేయడంతో, 1999లో మొదలైన జాతీయ ఎయిడ్స్ కార్యక్రమం రెండో దశలో అన్ని రాష్ట్రాల్లోనూ ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీలు పెట్టించారు. సొసైటీ ఊళ్లో సంస్థతో ఒప్పందం రాసుకుంటుంది, వాయిదాల్లో డబ్బిస్తుంది, ఖర్చు చూపించి యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపితే తర్వాతి వాయిదా. టీఐ గ్రాంట్ల వ్యవస్థ ఇలా స్థిరపడింది.

మన దగ్గరకొస్తే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక, మణిపూర్, నాగాలాండ్ మిగతావి. మనకి సోనాగాచి లాంటి పేట కూడా లేదు. ఇక్కడ పని ఇళ్లలో, బస్టాండ్ల దగ్గర, హైవే దాబాల దగ్గర, లాడ్జిల్లో జరుగుతుంది. పగలు కూలికెళ్లి, పిల్లల్ని బడికి పంపి, వారంలో రెండ్రోజులు మాత్రమే ఈ పనికి వచ్చే ఆవిడని ఏ ఏఎన్ఎం గుర్తుపడుతుంది? పక్కింటావిడకే తెలీదు. ఆమెని గుర్తుపట్టగలిగేది అదే పని చేసే ఇంకొక ఆవిడ మాత్రమే. చిన్న సంఘానికి డబ్బెందుకు అనే ప్రశ్నకి నా దృష్టిలో సగం జవాబు ఇదే.

2003లో గేట్స్ ఫౌండేషన్ అవాహన్ అనే హెచ్ఐవీ నివారణ కార్యక్రమంతో ఈ ఆరు రాష్ట్రాల్లోకీ దిగింది. మన రాష్ట్రంలో కోస్తా వైపు హిందుస్థాన్ లేటెక్స్ వాళ్ల ట్రస్టు, తెలంగాణ, రాయలసీమ వైపు హెచ్ఐవీ ఎయిడ్స్ అలయన్స్ చూసుకున్నాయి. వాళ్ల కింద ఊరూరా చిన్న సంస్థలు. కార్పొరేట్ నుంచి వచ్చినవాళ్లు కాబట్టి మొదట కండోమ్‌లు, క్లినిక్‌లు, లెక్కలు అనుకున్నారు. ఆడవాళ్లు చెప్పింది వేరే. ఈ రాత్రి పోలీసు కొడతాడేమో, రౌడీ డబ్బులు లాక్కుంటాడేమో అని భయపడేవాళ్లకి పదేళ్ల తర్వాత వచ్చే జబ్బు గురించి చెప్తే తలకెక్కదు. పైగా పర్సులో కండోమ్ దొరికితే అదే సాక్ష్యమని స్టేషన్‌కి తీసుకెళ్లే రోజులవి. దాంతో ప్రాజెక్టుల్లోకి మెల్లగా వేరే పనులు వచ్చాయి. ఎవరినైనా పట్టుకుంటే ఫోన్ చేయడానికి ఒక నంబరు, ఫోన్ రాగానే స్టేషన్‌కి పరిగెత్తే బృందం, ఒక లాయరు, ఎస్ఐలకి కానిస్టేబుళ్లకి అవగాహన సమావేశాలు.

డ్రాప్ ఇన్ సెంటర్ అనే గది కూడా అలాంటిదే. పగటిపూట స్నానం చేసి, తలదువ్వుకుని, ఓ గంట ఎవరూ లేపకుండా పడుకోవడానికి ఒక చోటు. ఆడిటర్ కళ్లతో చూస్తే నెలనెలా అద్దె దండగ. కానీ బ్లడ్ టెస్టుకి రండి అంటే రానివాళ్లు ఆ గదికి వచ్చారు, వచ్చాక కౌన్సెలర్‌తో మాట్లాడారు, ఆమెతో ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రానికి, వెళ్లారు. 2004 ఏప్రిల్ 1 నుంచి హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది కాబట్టి, పాజిటివ్ అని తేలితే చెప్పడానికి ఓ మంచి మాట కూడా ఉంది. ఆ గదుల్లోనే పొదుపు సంఘాలు పుట్టాయి, రేషన్ కార్డుకీ బ్యాంకు ఖాతాకీ అర్జీలు రాయించుకున్నారు, ఏఆర్‌టీ వాడేవాళ్లకొచ్చే పింఛను కాగితాలు నింపారు.

పీర్ పని గురించి ఒక మాట. లెక్క ప్రకారం అరవైమందికి ఒక పీర్ ఎడ్యుకేటర్. వాళ్లలో చాలామందికి చదువు రాదు. అందుకని బొమ్మల షీట్లు తయారుచేశారు, ఎవరికి ఎంత ప్రమాదం, ఎవరు క్లినిక్‌కి వచ్చారు, ఎవరు నెలగా కనపడలేదు, అన్నీ గుర్తులతోనే పెట్టుకునే షీట్లు. సంతకం పెట్టడం రాని మనిషి అరవైమంది ఆరోగ్యాన్ని నెలనెలా ప్లాన్ చేస్తుంటే, పక్కన ఎమ్మెస్‌డబ్ల్యూ చదివిన మేనేజరు ఆమెని అడిగి రిపోర్టు రాసుకునేవాడు.

దీనివల్ల ఫలితం వచ్చిందా? 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం, అవాహన్ మొదటి అయిదేళ్లలో ఆరు రాష్ట్రాల్లో కలిపి సుమారు లక్ష కొత్త ఇన్‌ఫెక్షన్లు ఆగాయని అంచనా వేసింది. కర్ణాటకలో చేసిన పరిశోధనల్లో, ఈ కార్యక్రమం నడిచాక సెక్స్ వర్కర్ల మీద హింస కూడా తగ్గినట్టు తేలింది.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అంకెల్లో మనవాళ్లే ఒక బాంబు పేల్చారు. పరిశోధకుడు లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేసి, ఆస్పత్రులకొచ్చే గర్భిణుల నమూనాల మీద ఆధారపడ్డ అధికారిక హెచ్ఐవీ అంచనా అసలు కంటే రెట్టింపుకి మించి ఉందని 2006లో చూపించింది. మరుసటి ఏడాది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రక్తపరీక్షలు కూడా చేతికొచ్చాక, దేశం మొత్తం అంచనా 52 లక్షల నుంచి 25 లక్షలకి దిగింది. కాబట్టి "ఎన్‌జీవోల వల్ల ఎయిడ్స్ సగానికి తగ్గింది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఆ సగం లెక్క సరిచేయడం వల్ల తగ్గింది. సరిచేసిన లెక్కలోనూ 2000 నుంచి 2011 మధ్య కొత్త ఇన్‌ఫెక్షన్లు ఏటా సగానికి పైగా తగ్గాయని నాకో చెప్పింది, అది వేరే సంగతి. 2021 అంచనా ప్రకారం హెచ్ఐవీ ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం, దేశ సగటు 0.21. అంటే మనం ఇప్పటికీ సగటు కంటే చాలా పైనే ఉన్నాం.

అన్ని సంస్థలూ ఇంత బాగా పనిచేశాయని కూడా కాదు. డబ్బు వాసన తగలగానే బోర్డులు లేచాయి. లేని పీర్ల పేరున సంతకాలు, గోడౌన్‌లో మురిగిపోయిన కండోమ్ పెట్టెలు, ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ ఇలాంటివి కథలు కథలుగా చెప్తారు. దాంతో నిఘా పెరిగింది, ఫారాలు పెరిగాయి, నెలకి ఇన్ని టెస్టులనే టార్గెట్ వచ్చింది. టార్గెట్ వచ్చాక, రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లి, భయపడే ఒక్కావిడతో నాలుగుసార్లు మాట్లాడటం కంటే, బాగా తెలిసిన పదిమందిని మళ్లీ టెస్టుకి తీసుకెళ్లడం తేలికైంది. దొంగ సంస్థల్ని ఆపడానికి పెట్టిన కట్టుబాటు, మంచి సంస్థల కాళ్లకి చుట్టుకుంది.

అవాహన్ తన ప్రాజెక్టుల్ని దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించింది. ఆ వెంటనే అసలు దెబ్బ పడింది. 2014-15 నుంచి కేంద్ర పథకాల డబ్బంతా సొసైటీల ఖాతాల్లోకి నేరుగా వెళ్లకుండా రాష్ట్ర ఖజానా మీదుగా పోవాలని నిర్ణయించారు. లెక్కల పారదర్శకతకి అది మంచిదే కావచ్చు. కానీ ఏ తలనొప్పి తప్పించుకోవడానికి సొసైటీలు పెట్టారో ఆ తలనొప్పే తిరిగొచ్చింది. ఆ ఏడాది చాలా రాష్ట్రాల్లో టీఐ సిబ్బందికి నెలల తరబడి జీతాల్లేవు, కొన్నిచోట్ల కండోమ్‌లూ లేవు. పెద్ద సంస్థ ఇంకో ప్రాజెక్టు డబ్బు సర్దుకుని నడిపేస్తుంది. సెక్స్ వర్కర్లు నడుపుకునే సంఘానికి ఆ సర్దుబాటు ఎక్కడిది? మేనేజరు మెడలో గొలుసు తాకట్టు పెట్టి అద్దె కట్టిన కథలు నేను విన్నాను.

ఆ తర్వాత కొన్ని మంచి సంగతులు కూడా జరిగాయి. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్ఐవీ చట్టం, నివారణ పని చేసేవాళ్లు కండోమ్‌లు పంచడం, దగ్గర పెట్టుకోవడం నేరం కాదని రాసిపెట్టింది. 2020లో కరోనా వచ్చి పని ఆగిపోయినప్పుడు, నాకో గుర్తించిన సెక్స్ వర్కర్లకి ఏ గుర్తింపు కార్డూ అడక్కుండా రేషన్ ఇవ్వాలని సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. నాకోకి వాళ్లు ఎలా తెలుసు? పీర్లు ఏళ్ల తరబడి తయారుచేసిన జాబితాల వల్ల. హెచ్ఐవీ పేరున ఇచ్చిన గ్రాంటుతో తయారైన జాబితా బియ్యానికి పనికొచ్చింది. ఆ బియ్యం సంచులు మోసిందీ ఎక్కువ చోట్ల ఈ సంఘాలే, ఎందుకంటే ఇల్లు తెలిసిందీ, గుట్టు బయటపడకుండా ఇవ్వగలిగిందీ వాళ్లే.

2021లో మొదలైన అయిదో దశకి 2026 మార్చి దాకా కేటాయించింది 15,471.94 కోట్ల రూపాయలు, పూర్తిగా కేంద్రం డబ్బు. ఈలోగా పని ఫోన్‌లోకి మారిపోయింది. బస్టాండ్ దగ్గర నిలబడేవాళ్లు తగ్గారు, వాట్సాప్‌లో, యాప్‌లలో మాట్లాడుకుని నేరుగా గదికి వెళ్తున్నారు. హాట్‌స్పాట్ అని మ్యాపులో గీసిన చోట టీ కొట్టు తప్ప ఏమీ ఉండదు. కొత్తవాళ్ల నంబర్లు పీర్ల ఫోన్లలోనే ఉన్నాయి, ఆ ఫోన్ రీచార్జి చాలాచోట్ల వాళ్లు సొంత డబ్బుతోనే చేయించుకుంటున్నారు.