పంటి సందు వెనక ఇరవై ఏళ్ల కథ

ముందు పళ్ల మధ్య సందున్న పిల్లను మనవైపు కొందరు పెద్దవాళ్లు అదృష్టవంతురాలంటారు. 2006లో అమెరికా టీవీలో అదే సందు ఒక అమ్మాయికి పరీక్ష అయి కూర్చుంది. ఆమె డానీ ఇవాన్స్, ఊరు ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్. వెళ్లింది మోడళ్లను ఎంపిక చేసే రియాలిటీ పోటీ 'అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్' ఆరో సీజన్‌కి.

ఆ సీజన్లో ఇద్దరు అమ్మాయిలను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. జోనీ డాడ్స్ గంటల తరబడి కుర్చీలో కూర్చుని, పళ్లు పీకించుకుని, కొత్తవి పెట్టించుకుని వచ్చింది. డానీ మాత్రం తన సందు మూయనంది. జడ్జీల ముందుకు రాగానే, షో నడిపే మోడల్ టైరా బ్యాంక్స్ అడిగింది: నోట్లో ఆ సందు పెట్టుకుని కవర్‌గర్ల్ అనే మేకప్ కంపెనీ కాంట్రాక్టు వస్తుందనే అనుకుంటున్నావా అని. లక్ష డాలర్ల కాంట్రాక్టు ఎదురుగా ఊగుతుంటే, తల్లి వయసు లేకపోయినా తల్లిలా మాట్లాడే మనిషి ఆ ప్రశ్న వేస్తే, ఇంకేం జవాబుంటుంది? చివరికి సందు పూర్తిగా కాకుండా కొంచెం మూయించుకుంది. ఆ సీజన్ గెలిచింది కూడా.

నాలుగేళ్లు తిరిగేసరికి, 2010లో, అదే కార్యక్రమంలో ఇంకో అమ్మాయి పళ్లను అరగదీసి మరీ సందు పెద్దది చేశారు. ఈసారి సందే ఫ్యాషన్. అసలు 1973లోనే లారెన్ హటన్ అనే మోడల్ పంటి సందుతోనే రెవ్లాన్ అనే మేకప్ కంపెనీతో పెద్ద కాంట్రాక్టు కుదుర్చుకుంది. అంటే ఆ సందు అమ్ముడుపోదన్న మాట 2006 నాటికే పాతపడ్డ అబద్ధం.

2020 మే నెలలో, లాక్‌డౌన్లో జనం పాత సీజన్లు తిరగేస్తుంటే డానీ క్లిప్ మళ్లీ బయటికొచ్చింది. విమర్శలు వెల్లువెత్తాయి. అప్పట్లో కొన్ని నిర్ణయాలు సరిగా లేవని, మీతో ఏకీభవిస్తున్నానని టైరా ట్వీట్ చేసింది. గమనించాల్సిందేమిటంటే, ఆ క్లిప్పులు ఎవరో దొంగతనంగా తీసినవి కావు. కార్యక్రమమే గర్వంగా ప్రసారం చేసినవి.

ఈ కార్యక్రమం మొదలైంది 2003 మేలో, యూపీఎన్ అనే చిన్న నెట్‌వర్క్‌లో. 2000లో 'సర్వైవర్' అనే రియాలిటీ షో ఆడిన తీరు చూశాక, తారలూ భారీ సెట్లూ లేకుండా మామూలు మనుషులతో గంటలకు గంటలు టీవీ నింపొచ్చని అందరికీ అర్థమైపోయింది. ఈ షో పెట్టడానికి టైరాకి ఒక పెద్ద కారణం కూడా ఉంది. 1997లో స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ స్విమ్‌సూట్ సంచిక ముఖచిత్రం మీద ఒంటరిగా కనిపించిన మొదటి నల్లజాతి మోడల్ ఆమె. నల్లగా ఉన్నవాళ్లకీ, పొట్టివాళ్లకీ, కొంచెం లావుగా ఉన్నవాళ్లకీ ఈ రంగం తలుపు తెరుస్తానంది. తెరిచింది కూడా, అది అబద్ధం కాదు. 2008లో ఐసిస్ కింగ్ అనే ట్రాన్స్ మహిళకు అవకాశమిచ్చింది. అప్పటికి మిగతా టీవీలో అలాంటివి అరుదు.

చిక్కల్లా ఆ తలుపు దగ్గర కూర్చున్న కాపలాదారు తర్కంతో వచ్చింది. 'బయట పరిశ్రమ ఇంతకంటే కఠినం, మేం నిన్ను తయారు చేస్తున్నాం' అన్న ఒక్క మాట చాలు, దేనికైనా పనికొచ్చేది. 2005లో నాలుగో సీజన్లో ఒక అమ్మాయికి స్నేహితుడు చనిపోయాడన్న కబురొచ్చాక సమాధి గోతిలో దింపి ఫోటోలు తీశారు. అదే సీజన్లో ఒక్కొక్కరి ఒంటికి వేరే జాతివాళ్ల రంగు పూశారు. 2009లో హవాయిలో అలాంటిదే మళ్లీ చేశారు. 2007లో ఎనిమిదో సీజన్ అమ్మాయిల్ని హత్యకు గురైన శవాల్లా పడుకోబెట్టారు: ఒకరికి విషం, ఒకరికి కరెంటు షాకు, ఒకరిని మెట్ల మీంచి తోసేసినట్టు. ఆ పైన జడ్జీలు కూర్చుని, శవం అందంగా పడిందా లేదా అని మార్కులు వేశారు. నన్నడిగితే, ఇరవై ఏళ్ల ఈ చరిత్రలో అన్నిటికంటే వింతైన దృశ్యం అదే.

2004లో ఇదే షోలో, ఇటలీలోని మిలన్‌లో జరిగింది అంతకంటే చేదు. తాగి ఉన్న ఒక అమ్మాయి ఒక మగాడితో గడిపిన రాత్రిని కెమెరాలు ఆపకుండా తీశాయి. తర్వాత ఆమె ఊళ్లో ఉన్న ప్రియుడికి ఫోన్ చేసి వెక్కివెక్కి ఏడిస్తే దాన్నీ ప్రసారం చేశారు. ప్రియుణ్ణి మోసం చేసిన మనిషిగా ఆమెను చూపించారు. మత్తులో ఉన్న ఆమెను ఆపడానికి ఆ గదిలో ఎవరి ఉద్యోగమూ లేదా అని ఆ రోజు అడిగినవాళ్లు తక్కువ.

ఉద్యోగం అన్న మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2006 జులైలో ఇదే కార్యక్రమానికి పనిచేసే 12 మంది సమ్మెకు దిగారు. గంటల కొద్దీ ఫుటేజీలోంచి కథ తీసేది వాళ్లే, ఎవరు మంచి ఎవరు చెడ్డ అన్నది అల్లేది వాళ్లే. మమ్మల్ని రచయితలుగా గుర్తించి యూనియన్లో చేరనివ్వండి అని వాళ్ల డిమాండు. అంటే రియాలిటీకి రచయితలున్నారని వాళ్లే రోడ్డెక్కి చెప్పారు. కొన్ని నెలల్లో ఆ ఉద్యోగాలే ఎత్తేశారు. కార్యక్రమం మాత్రం ఆగలేదు. వేర్వేరు సందర్భాల్లో అన్న ముక్కల్ని అతికించి కొత్త వాక్యం చేయడానికి ఆ రంగంలో ఒక పేరుంది: ఫ్రాంకెన్‌బైట్. పోటీదారు సంతకం పెట్టే కాగితాల్లో, నన్ను ఎలాగైనా చూపించుకోవచ్చు అన్న అర్థం వచ్చే షరతు ఉండటం ఈ తరహా షోల్లో మామూలు. జరిగింది బయట చెప్పకూడదన్న షరతూ మామూలే.

చట్టం సంగతికొస్తే, 1950ల్లో అమెరికాలో క్విజ్ షోల జవాబులు ముందే చెప్పేశారన్న కుంభకోణం బయటపడ్డాక, 1960లో టీవీ పోటీల ఫలితాన్ని ముందే కుదర్చడం నేరమైంది. ఆ చట్టం కాపాడేది చూసేవాణ్ణి. ఆడేవాళ్ల నిద్రనీ, తిండినీ, పరువునీ కాదు. బ్రిటన్‌లో 2019లో ఒక టాక్ షోలో పాల్గొన్న వ్యక్తి మరణించాక ఆ షోనే ఆపేశారు. 2021 ఏప్రిల్ నుంచి, పాల్గొనేవాళ్ల బాగోగులు చూడాల్సిందేనని అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధన పెట్టింది.

టాప్ మోడల్ నమూనా ఈలోగా ఎన్నో దేశాలకు పాకింది. 2006 నుంచి జర్మనీలో హైడీ క్లూమ్ అనే మోడల్ నడుపుతోంది. 2015లో ఎంటీవీ మన దేశానికీ తెచ్చింది, లీసా హేడన్ జడ్జీగా.

హైదరాబాద్‌కి ఇలాంటి పోటీ వచ్చింది మాత్రం 2025 మేలో, ప్రపంచ సుందరి పోటీలతో. అది రియాలిటీ షో కాదు, అయినా ఫిర్యాదు మాత్రం తెలిసిన బాణీలోనే వినిపించింది. మిస్ ఇంగ్లండ్ మధ్యలోనే వెళ్లిపోయి, డబ్బున్న స్పాన్సర్ల దగ్గర కూర్చోబెట్టి మురిపించమన్నారని ఒక బ్రిటిష్ పత్రికకు చెప్పింది. నిర్వాహకులు అదంతా అబద్ధమన్నారు, తెలంగాణ ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఎవరి మాట నిజమన్నది పక్కన పెడితే, ఒక తేడా మాత్రం కనిపిస్తుంది. ఆమె పోటీ నడుస్తుండగానే బయటికొచ్చి మాట్లాడింది. డానీ తన క్లిప్ మీద లోకం కోప్పడటం చూడటానికి 14 ఏళ్లు పట్టింది.

2024 డిసెంబరులో అమెరికా జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం 'లవ్ ఈజ్ బ్లైండ్' అనే రియాలిటీ షో నిర్మాతల మీద ఫిర్యాదు దాఖలు చేసింది. ఆ షోలో పాల్గొన్నవాళ్లు ఉద్యోగులే, వాళ్ల నోరు కట్టే షరతులు చెల్లవు అన్నది బోర్డు వాదన.