బీరు గడప దాటకూడదన్న షరతు

బెంగళూరు ఇందిరానగర్ పబ్బుల గొడవ మళ్లీ రాజుకుంది. రాత్రి చప్పుడు ఆపించండని కాలనీవాళ్లు, మాకు అన్ని లైసెన్సులూ ఉన్నాయని పబ్బులవాళ్లు, ఇద్దరికీ సర్ది చెప్పలేక పోలీసులు. వీకెండ్ వస్తే ఆ టేబుళ్ల దగ్గర మన తెలుగు పిల్లలు బోలెడుమంది కనిపిస్తారు. వెనక వీధుల్లో నిద్ర పట్టక ఫిర్యాదు చేసేవాళ్లలో మన పెద్దవాళ్లూ ఉన్నారు.

1915లో పుట్టిన బీరు కంపెనీ యూబీ, దాన్ని నడిపిన మాల్యాల వైభవం, ఎనభైల్లో చర్చి స్ట్రీట్ చుట్టుపక్కల వెలసిన పబ్బులు అందరికీ తెలిసిన కథలే. వాటి జోలికి పోను. నేటి తగాదాకు మూలం 2010 నాటిది. మైక్రోబ్రూవరీలకు, అంటే తమ బీరు తామే కొద్ది మొత్తంలో తయారుచేసుకునే పబ్బులకు, అనుమతి ఇస్తూ కర్ణాటక ప్రభుత్వం అప్పుడొక షరతు పెట్టింది: ఎక్కడ తయారుచేస్తే అక్కడే అమ్మాలి. సీసాల్లో నింపి షాపులకు పంపకూడదు, పీపాల్లో పక్క బార్‌కు ఇవ్వకూడదు.

2010లోనే ముగ్గురు మిత్రులు 100 అడుగుల రోడ్డులో టోయిట్ అనే పబ్బు తెరిచారు. 2011లో లావెల్ రోడ్డులో బియర్ క్లబ్ నగరంలో మొదటి మైక్రోబ్రూవరీగా పేరు తెచ్చుకుంది. 2012లో మెగ్రాత్ రోడ్డులో ఆర్బర్, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ వచ్చాయి. టోయిట్‌లో బాస్మతి బియ్యం వేసి చేసిన బీరు దొరుకుతుందంటే జనం అదేమిటో చూద్దామని వెళ్లారు. ఆ ఉత్సాహంలో షరతు సంగతి ఎవరికీ పట్టలేదు.

బీరు తయారుచేసేవాడి వైపు నుంచి ఆ షరతును చూడండి. స్టీలు ట్యాంకులు, చల్లబరిచే యంత్రాలు, బీరుకు చేదు రుచినిచ్చే హాప్స్ పూలు బయటి దేశాల నుంచి రావాలి, చాలా రకాలకు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) కూడా దిగుమతిదే. పెట్టుబడి ఫ్యాక్టరీకి తగ్గట్టు ఉంటుంది. ట్యాంకులో బీరు సిద్ధం కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వడకట్టని, పాశ్చరైజ్ చేయని (వేడిచేసి క్రిములు చంపని) సరుకు కాబట్టి ఎక్కువకాలం నిలవ ఉంచలేరు. ప్రతి లీటరూ ఆ భవనంలోనే, ఆ కొద్దిరోజుల్లోనే, ఎవరో ఒకరు తాగాలి. అందుకు వందల సీట్లు కావాలి, పెద్ద తెరలు కావాలి, జనాన్ని రాత్రి దాకా కూర్చోబెట్టే పాటలు కావాలి. చిన్న గదిలో నాలుగు బల్లలు వేసుకుని నిమ్మళంగా మంచి బీరు అమ్ముదామనుకునేవాడికి ఈ లెక్క గిట్టదు.

మహారాష్ట్రలో ఇలా లేదు. పుణె, ముంబై మైక్రోబ్రూవరీలు తమ బీరును పీపాల్లో వేరే బార్లకు అమ్ముకున్నాయి. బెంగళూరులో ఆ పని చేయాలంటే పూర్తిస్థాయి బ్రూవరీ లైసెన్సు తీసుకోవాల్సిందే. మొదట్లో బెల్జియంలో తయారుచేయించి తెప్పించుకున్న గైస్ట్ అనే బీరు కంపెనీ, తర్వాత ఓల్డ్ మద్రాస్ రోడ్డు వైపు సొంత బ్రూవరీ పెట్టుకుని నగరంలోని పబ్బులకు పీపాలు పంపుతోంది. అంత పెట్టుబడి అందరివల్లా కాదు.

ఇక కాలనీ సంగతి. ఇందిరానగర్ రిటైరైన మిలిటరీ అధికారులు, ఉద్యోగస్థులు ఇళ్లు కట్టుకున్న చోటు. 2007లో అమల్లోకి వచ్చిన మాస్టర్ ప్లాన్ ఇళ్ల మధ్య వెడల్పాటి రోడ్ల మీద వ్యాపారాలకు దారి ఇచ్చింది. మూడేళ్లకు మైక్రోబ్రూవరీలకు అనుమతి వచ్చింది. 2014లో శుక్ర, శనివారాల్లో, 2016లో వారమంతా రాత్రి 1 గంట దాకా తెరిచి ఉంచుకోవచ్చన్నారు. మూడు నిర్ణయాలూ వేర్వేరుగా తీసుకున్నవి. మూడింటి భారమూ వెనక వీధి వాళ్ల మీదే పడింది.

ఆ వీధుల్లో ఒకదాంట్లో మా పెద్దమ్మ వాళ్లిల్లు ఉంది. రాత్రి పదకొండు దాటాక వంటింట్లో నిలబడితే పాట వినపడదు, దరువు మాత్రం కాళ్లకు తెలుస్తుంది. అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతుంటాయి. గేటు ముందు ఎవరిదో కారు. పెదనాన్నకు ఒంట్లో బాగాలేక అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ముందు ఆ కారు ఓనర్ని వెతకాలి.

చట్టం వాళ్ల వైపే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. కానీ అధికారులు వాడే కొలత మనిషి చెవికి బాగా వినపడే స్వరాలకే ఎక్కువ విలువిస్తుంది, లోతైన దరువును తక్కువ చేసి చూపిస్తుంది. ఇల్లు అదురుతున్నా మీటరు అంత ఎత్తు చూపించకపోవచ్చు. పైగా అది వాణిజ్య ప్రాంతమని వాదిస్తే రాత్రి పరిమితి 55కి పెరుగుతుంది.

పబ్బులవాళ్లకూ కష్టాలున్నాయి. హైవేకి 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదన్న సుప్రీంకోర్టు ఉత్తర్వు వల్ల 2017 జులైలో ఎంజీ రోడ్డు, ఇందిరానగర్ ప్రాంతాల్లో చాలామంది అమ్మకాలు ఆపేశారు. 2018 జనవరిలో లైవ్ మ్యూజిక్‌కు లైసెన్సు తప్పదని అదే కోర్టు తేల్చింది.

అసలు విషయం బయటపడింది 2020 లాక్‌డౌన్‌లో. పబ్బులు మూతపడ్డాయి, ట్యాంకుల నిండా బీరు ఉంది. పారబోయడం తప్ప దారి లేదనుకుంటుండగా మే నెలలో ప్రభుత్వం దిగివచ్చింది. గాజు, పింగాణీ, స్టీలు పాత్రల్లో మనిషికి 2 లీటర్ల దాకా ఇంటికి పట్టుకెళ్లవచ్చంది. బీరు గడప దాటింది, ఏ ఉపద్రవమూ రాలేదు. అయినా ఆ వెసులుబాటును తాత్కాలికమనే ఇచ్చారు.

ఇప్పటి చర్చల్లో కాలనీవాళ్లు అడుగుతున్నవి సౌండ్‌ప్రూఫింగ్, పార్కింగ్, రాత్రి తనిఖీలు. మూడూ న్యాయమైనవే, ముందు అవి జరగాలి. వాటితోపాటు 2010 నాటి షరతును కూడా బల్ల మీద పెట్టాలి. ఇంటికి పట్టుకెళ్లడానికి, పీపాల్లో వేరే చోటికి పంపడానికి వీలిస్తే, ఒకే భవనంలో వందలమందిని అర్ధరాత్రి దాకా నిలిపి ఉంచాల్సిన అవసరం బ్రూవరీలకు తగ్గుతుంది. కర్ణాటకలో ఎక్సైజ్ లైసెన్సుల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. ఏ షరతు మార్చాలన్నా కొత్త లైసెన్సులు ఇచ్చేలోపే మార్చాలి.