ఊరి గోడ బొమ్మలు, పార్కు శిల్పాలు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో, ఒంగోలులో గోడలకు మంచి బొమ్మలు వేయించాలని కార్పొరేటర్లు, కాలనీ సంఘాలు, చిత్రకారులు ఈ మధ్య బాగానే ముందుకొస్తున్నారు. అంత ఉత్సాహంగా మొదలైన పని బిల్లు దగ్గర ఆగిపోయినా, రెండు వానలకే పెచ్చులూడిపోయినా ప్రాణం ఉసూరుమంటుంది. చెయ్యి తిరిగిన చిత్రకారులకు మన దగ్గర కొదవ లేదు. పని చెడేది ఎక్కువగా కాగితం దగ్గర, గోడ దగ్గర.

అపోహ: కమిషనర్ గారు సరేనంటే రేపే రంగు మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: ముందు ఆ గోడ ఎవరిదో తేలాలి. రైల్వే అండర్‌బ్రిడ్జి గోడైతే విజయవాడ డివిజన్‌ను అడగాలి. 16వ నంబరు జాతీయ రహదారి ఫ్లైఓవర్ స్తంభాలైతే జాతీయ రహదారుల సంస్థను అడగాలి. ఆర్ అండ్ బీ స్థలం, బడి ప్రహరీ, ఆసుపత్రి ప్రహరీ వేటికవే. ఆ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, గోడ ఫొటోలు, కొలతలు, స్కేలుకు గీసిన రంగుల నమూనా జతచేసి కమిషనర్‌కు అర్జీ పెట్టండి. తర్వాత ఇంజినీరింగ్ విభాగం ఎస్టిమేటు, కార్పొరేషన్‌లో స్టాండింగ్ కమిటీ ఆమోదం (కావలి లాంటి మున్సిపాలిటీలో కౌన్సిల్ తీర్మానం), చివరికి వర్క్ ఆర్డర్. అది చేతికి రాకముందు కుంచె పట్టొద్దు. నోటిమాట మీద చేసిన పని, ఆ అధికారి బదిలీ అయిన మర్నాడు ఎవరిదీ కాకుండా పోతుంది.

అపోహ: సెంటర్లో విగ్రహం పెట్టడానికి కౌన్సిల్ తీర్మానం చాలు.

వాస్తవం: చాలదు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. శిల్పం ఆలోచన ఉంటే పార్కు లోపలో, లైబ్రరీ ఆవరణలోనో చోటు చూడండి.

అపోహ: చదరపు అడుగుకు ఇంత అని టెండరు పిలిస్తే అంతా సక్రమంగా ఉంటుంది.

వాస్తవం: మన ఊళ్లలో గోడ బొమ్మల్ని చంపుతున్నది ఇదే. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ఎస్టిమేటుకు తీసే రేట్ల పుస్తకం రంగు పూతను కొలవడానికి రాసింది. తక్కువ రేటు కోట్ చేసిన కాంట్రాక్టరుకు పని దక్కుతుంది, అతను చిత్రకారుణ్ణి రోజుకూలికి పిలుస్తాడు. నమూనా ఎవరు గీయాలో ఎక్కడా రాసి ఉండదు కాబట్టి ఫోన్లో దొరికిన బొమ్మ గోడెక్కుతుంది.

లెక్క వేసి చూడండి. 60 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడంటే 480 చదరపు అడుగులు. బయటి గోడల ఎమల్షన్ రెండు పూతలు వేస్తే లీటరుకు 50–60 చదరపు అడుగులు వస్తుంది. అంటే కింది రంగుకు ఎనిమిది నుంచి పది లీటర్లు. మొత్తం ఖర్చులో ఈ రంగు చిన్న భాగమే. అసలు విలువ నమూనాలో, చేతిపనిలో ఉంది.

అందుకే ఫైలులో రెండు భాగాలు పెట్టించండి. గీకుడు, ప్రైమర్, కింది రంగు, పరంజా ఒక పని. రూపకల్పన, చిత్రలేఖనం ఏకమొత్తం ఫీజుతో వేరే ఒప్పందం. నమూనా ఆమోదానికి 30 శాతం, సగం పనికి 40, పూర్తయ్యాక 30 అని విడతలు రాసుకుంటే చిత్రకారుడు అప్పు చేయనక్కర్లేదు. పాన్ కార్డు తప్పనిసరి, లేకపోతే టీడీఎస్ (బిల్లులోంచి ముందే కోసే పన్ను) కింద 20 శాతం పోతుంది.

అపోహ: ఎనామిల్ గట్టిది, బయటి గోడకు అదే మేలు.

వాస్తవం: ఇనప గేటుకు మేలే, సిమెంటు గోడకు చేటు. ఎనామిల్లో ఉండే నూనెను సిమెంటు, సున్నంలోని క్షారం సబ్బుగా మార్చేస్తుంది. ఆ పొర జిగటగా మారి, పొక్కులు లేచి, గోరు పెడితే తోలులా ఊడొస్తుంది. గోడ లోపలి తేమకు బయటికి దారి కూడా ఉండదు. ఎక్రిలిక్ ఎమల్షనే వాడండి.

కొత్త ప్లాస్టరింగ్ కనీసం 28 రోజులు ఆరాలి. పాత సున్నం ఉంటే వైర్ బ్రష్‌తో పూర్తిగా గీకేయాలి, సున్నం మీద వేసిన రంగు సున్నంతోనే రాలుతుంది. ఇంటి లోపల వాడే లప్పం బయట పెట్టొద్దు. తేమ సంగతి తేల్చుకోవడానికి ఒకటిన్నర అడుగుల చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున లోపలి వైపు చెమ్మ కనిపిస్తే ఆ గోడ ఇంకా సిద్ధం కాలేదు. అడుగున చౌడు తేరిన గోడలైతే కింది రెండడుగులు బొమ్మ లేకుండా పట్టీగా వదిలేయడం మంచిది, దాన్ని ఎప్పటికప్పుడు మళ్లీ వేసుకోవచ్చు.

రంగుల్లో ఎర్రమన్ను, పచ్చమన్ను జాతి ఐరన్ ఆక్సైడ్లు ఎండకు నిలుస్తాయి. ఫ్లోరసెంట్ గులాబీ, నిమ్మపసుపు ముందుగా వెలిసిపోతాయి. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కదా, జనవరి–మార్చి నడుమ పని పెట్టుకోండి. మే నెల మిట్టమధ్యాహ్నం గోడ కాలిపోతుంటే రంగు కుంచె లాగకముందే ఆరి చారలు పడుతుంది.

అపోహ: అకాడమీకి రాస్తే డబ్బు పంపుతారు.

వాస్తవం: చెన్నైలోని లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం, తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం లాంటివి శిబిరాలు, వర్క్‌షాపులు, ప్రదర్శనల వైపు చూస్తాయి. గోడకు రంగు డబ్బాలు కొనివ్వమని అడిగితే లాభం లేదు. స్థానిక చిత్రకారులకు వారం రోజుల శిబిరంగా ప్రతిపాదన రాసి, గోడ, పరంజా, మంచినీళ్లు కార్పొరేషన్ వాటాగా చూపించండి. కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంటుకైతే సంస్థ రిజిస్టరై మూడేళ్లు నిండి ఉండాలి, మిగతా ఖర్చు మీరే చూపించాలి. కృష్ణపట్నం చుట్టుపక్కల కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల్ని మర్చిపోవద్దు. కంపెనీల చట్టం 7వ షెడ్యూలులో కళలు, సంస్కృతి ఉన్నాయి. డబ్బు మీ సంస్థ ద్వారా ఖర్చవ్వాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్–1 రిజిస్ట్రేషన్లు ఉండాలి.

అపోహ: నాయకుల ఫొటో ఉంటే గోడ జోలికి ఎవరూ రారు.

వాస్తవం: ఎన్నికల షెడ్యూలు వెలువడితే ప్రభుత్వ ఆవరణల్లో అలాంటివి 24 గంటల్లో తీసేస్తారు. ఆ తొందరలో పక్కనున్న మంచి బొమ్మ మీద కూడా సున్నం పడుతుంది.

అపోహ: డబ్బిచ్చాం కాబట్టి ఎప్పుడైనా చెరిపేస్తాం.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కళాకారుడికి తన కృతిని కాపాడుకునే హక్కునిచ్చింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో తీసేసిన కంచు కుడ్యశిల్పం విషయంలో 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు 5 లక్షల పరిహారం ఇప్పించింది, మిగిలిన భాగాలు తిరిగి ఇమ్మంది. కాబట్టి బొమ్మ ఎన్నేళ్లుండాలి, తీసేముందు ఎన్ని రోజుల నోటీసు, సంతకానికి చోటు, మరమ్మతు ఎవరిది అన్నవి ఒప్పందంలోనే రాయండి.

అపోహ: చీమకుర్తి రాయితో శిల్పం పెడితే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: రాయి చెడదు, దాన్ని పట్టి ఉంచే ఇనుము చెడుతుంది. చీమకుర్తి నల్లరాయి ఘనమీటరు మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది. పునాది, క్రేన్ దారి ముందే ఇంజినీరుకు చూపించాలి. మన కోస్తా పట్టీలో గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా లెక్కలోకి తీసుకోవాలి. మామూలు ఇనప బోల్టులు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉబ్బి, రాయిని లోపల్నుంచి చీలుస్తాయి. సముద్రానికి దగ్గరైతే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులని ఎస్టిమేటులోనే పేరుపెట్టి రాయించండి.