రూంబా కంపెనీ దివాలా వెనుక 35 ఏళ్ల కథ

2025 డిసెంబర్ 14న ఐరోబోట్ కంపెనీ అమెరికాలోని డెలావేర్ దివాలా కోర్టు తలుపు తట్టింది. ఇల్లు ఊడ్చే గుండ్రటి రోబో రూంబాను ప్రపంచానికి అలవాటు చేసింది ఈ కంపెనీయే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు చాలామంది దాన్ని సోఫా కింద తిరుగుతుండగా చూసే ఉంటారు. పిటిషన్‌తో పాటే కంపెనీ ఎవరి చేతికి వెళ్తుందో కూడా తేలిపోయింది. ఐరోబోట్ కోసం రూంబాలు తయారుచేసి ఇస్తున్న చైనా సంస్థ పిసియాకే అది దక్కేట్టు ఒప్పందం కుదిరింది. తయారీ తాలూకు బాకీలే అప్పటికి పిసియాకు 16 కోట్ల డాలర్లకు పైగా రావాల్సి ఉంది. దానికి తోడు ఐరోబోట్ వేరే చోట చేసిన అప్పును కూడా పిసియా వైపు వాళ్లు ముందే కొనేశారు. షేర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లకు మాత్రం ఏమీ మిగల్లేదు.

చైనా పోటీకి తట్టుకోలేకపోయిందని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. అందులో నిజం ఉంది, కానీ సగమే. మిగతా సగం తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1990లో మసాచుసెట్స్‌లోని ఎంఐటీ నుంచి ముగ్గురు బయటికొచ్చి ఈ కంపెనీ పెట్టారు. ప్రొఫెసర్ రాడ్నీ బ్రూక్స్, అక్కడే చదువుకున్న కోలిన్ ఏంగిల్, హెలెన్ గ్రైనర్. రోబో ముందుగా ప్రపంచమంతటినీ బుర్రలో మ్యాప్ గీసుకుని, ఆలోచించి, ఆ తర్వాత అడుగు వేయాలని అప్పట్లో చాలామంది పరిశోధకులు నమ్మేవారు. బ్రూక్స్ దీనికి ఒప్పుకోలేదు. పురుగుకు అంత బుర్ర ఎక్కడుంది? ఎదురైనదానికి అప్పటికప్పుడు స్పందిస్తూ బతికేస్తుంది కదా, రోబోకూ అదే చాలు అన్నాడు. ఆ ఆలోచనతోనే ఎంఐటీలో జెంఘిస్ అనే ఆరు కాళ్ల రోబోను చేసి చూపించారు.

ఆలోచన గొప్పదే, డబ్బు మాత్రం రాలేదు. మొదటి పన్నెండేళ్లు ఏ పని దొరికితే ఆ పని చేశారు. హాస్బ్రో కంపెనీతో కలిసి మాట్లాడే పాప బొమ్మ చేశారు. పెద్ద భవనాల నేలలు శుభ్రం చేసే యంత్రం కోసం ఎస్‌సీ జాన్సన్ కంపెనీతో కలిసి పనిచేశారు. మందుపాతరలు వెతికే రోబోల మీద ప్రభుత్వం కోసం పనిచేశారు. అప్పుడు ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించిన ఈ పనులన్నీ తర్వాత ఒకే చోట కలిశాయి. తక్కువ ఖర్చుతో లక్షల కొద్దీ ఎలా తయారుచేయాలో బొమ్మ నేర్పింది. చెత్త ఎత్తడం ఎలాగో జాన్సన్ పని నేర్పింది. నేల మీద ఏ మూలనూ వదలకుండా ఎలా తిరగాలన్న లెక్క మందుపాతరల పని నుంచి వచ్చింది. 2002 సెప్టెంబర్‌లో దాదాపు 200 డాలర్ల ధరకు బయటికొచ్చిన రూంబా ఈ మూడింటి బిడ్డ.

దాని తోబుట్టువు పేరు ప్యాక్‌బాట్. 1998లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఇచ్చిన కాంట్రాక్టుతో అది పుట్టింది. ట్యాంకులా పట్టాల మీద నడుస్తుంది, మెట్లెక్కుతుంది, ఒక సైనికుడు మోసుకెళ్లగలిగే బరువే ఉంటుంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత న్యూయార్క్ శిథిలాల్లోకి, మరుసటి ఏడాది అఫ్ఘానిస్తాన్ గుహల్లోకి వెళ్లింది. ఇరాక్‌లో రోడ్ల పక్కన పాతిన బాంబులను తీసే పని దాని మీద పడింది. పేలుడులో ముక్కలైన రోబోను ఒక సైనికుడు మరమ్మతు కేంద్రానికి తెచ్చి, కొత్తది వద్దు, దీన్నే బాగుచేసి ఇవ్వమని అడిగాడట. తన ప్రాణం కాపాడిన దాని మీద మనిషికి మమకారం ఉండదా! 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగినప్పుడు, మనుషులు అడుగుపెట్టలేని రియాక్టర్ భవనాల్లోకి ముందు వెళ్లి రేడియేషన్ కొలిచినవి కూడా ప్యాక్‌బాట్లే.

2005 నవంబర్‌లో 24 డాలర్లకు ఒక షేరు చొప్పున అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్ట్ అయ్యేనాటికి కంపెనీ ఈ రెండు కాళ్ల మీదా నడుస్తోంది.

నా దృష్టిలో అసలు మలుపు 2016. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి సేనలు వెనక్కి వస్తుండడంతో సైనిక ఆర్డర్లు తగ్గిపోయాయి. ఇంటి రోబోల మీదే దృష్టి పెట్టాలని రెడ్ మౌంటెన్ క్యాపిటల్ అనే ఇన్వెస్టర్ గట్టిగా ఒత్తిడి తెచ్చింది. ఆ ఏడాది రక్షణ విభాగాన్ని ఆర్లింగ్టన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు గరిష్ఠంగా 4.5 కోట్ల డాలర్లకు అమ్మేశారు. దానికి ఎండెవర్ రోబోటిక్స్ అని కొత్త పేరు పెట్టారు. మూడేళ్లు తిరిగేసరికి, 2019లో, ఫ్లిర్ సంస్థ దాన్నే 38.5 కోట్ల డాలర్లు పెట్టి కొంది. ఆర్డర్లు పడిపోతున్న రోజుల్లో అమ్మడం తప్పుగా అనిపించి ఉండదు. కానీ ఆ ధరల తేడా చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ తర్వాత కంపెనీకి రూంబా తప్ప వేరే ఆసరా లేదు. 2018లో చైనా సరుకు మీద అమెరికా వేసిన సుంకాలు మొదటి దెబ్బ. తయారీలో కొంత భాగాన్ని మలేషియాకు మార్చుకున్నారు. కోవిడ్‌లో అందరూ ఇళ్లలో ఉండిపోవడంతో గిరాకీ పెరిగి, 2021లో అమ్మకాలు 156 కోట్ల డాలర్లు దాటాయి. అప్పటికే చైనా కంపెనీలు రోబోరాక్, ఎకోవాక్స్ లేజర్‌తో గదిని కొలుచుకునే లైడార్‌ను, ఊడ్చి తుడిచే పని రెండూ చేసే మోడళ్లను తెచ్చాయి. ఐరోబోట్ మాత్రం కెమెరాతో దారి చూసుకునే పద్ధతినే పట్టుకుని కూర్చుంది. లైడార్ ఉన్న రూంబాలు వచ్చేసరికి 2025 అయింది.

2022 ఆగస్టులో అమెజాన్ 170 కోట్ల డాలర్లకు కంపెనీని కొంటానంది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నారు. కానీ యూరప్ దేశాల కూటమి తరఫున ఇలాంటి కొనుగోళ్లను పరిశీలించే యూరోపియన్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. పోటీ కంపెనీల వాక్యూమ్‌లను అమెజాన్ తన సైట్‌లో వెనక్కి నెట్టేయొచ్చన్నది దాని భయం. ఆ ఎదురుచూపుల్లోనే ఏడాదిన్నర గడిచింది. చేతిలో డబ్బు అయిపోయి, కార్లైల్ అనే పెట్టుబడి సంస్థ దగ్గర 20 కోట్ల డాలర్ల అప్పు తీసుకున్నారు. 2024 జనవరి 29న ఒప్పందం రద్దయింది. అమెజాన్ 9.4 కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చి తప్పుకుంది. అదే రోజు ఐరోబోట్ తన ఉద్యోగుల్లో దాదాపు మూడో వంతు మందిని, సుమారు 350 మందిని, తీసేస్తున్నట్టు చెప్పింది. మొదటి నుంచీ కంపెనీని నడిపిన కోలిన్ ఏంగిల్ కూడా సీఈఓ పదవి వదిలేశాడు. గ్రైనర్, బ్రూక్స్ ఎప్పుడో వెళ్లిపోయారు.

2024లో అమ్మకాలు 68 కోట్ల డాలర్లకు పడిపోయాయి. మరుసటి మార్చిలో, వ్యాపారం కొనసాగించగలమో లేదో అనుమానమేనని కంపెనీయే ప్రకటించింది. ఈసారి వియత్నాం సరుకు మీద కూడా సుంకాలు పడ్డాయి. అమెరికాకు వెళ్లే రూంబాల్లో ఎక్కువ భాగం అప్పటికి అక్కడే తయారవుతున్నాయి. పిసియాకు కట్టాల్సిన బాకీ పెరుగుతూ పోయింది. కార్లైల్ దగ్గర తీసుకున్న అప్పు కూడా చేతులు మారి చివరికి పిసియా వైపుకే చేరింది.

ప్యాక్‌బాట్ ఉన్న ఫ్లిర్‌ను 2021లో టెలిడైన్ కంపెనీ కొనేసింది. ఆ రోబో ఇప్పుడు వాళ్ల పేరు మీద అమ్ముడవుతోంది.