ఈ ఎండాకాలం ల్యాబుకు వెళ్తారా?

నాన్నా, తల్లీ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకే మాట అడిగారు, "అవ్వా, బీఎస్సీ ఫిజిక్సు పిల్లల్ని యూనివర్సిటీ ల్యాబుల్లోకి ఎవరు రానిస్తారు, అవన్నీ పీహెచ్‌డీ వాళ్లకు కదా" అని. రానిస్తారు. కాకపోతే అడగాలి. మన దగ్గర పిల్లలు అడగరు, అదే నా బాధ. ఫోన్లో అంతా చెప్పలేక ఇలా రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

ముందు మన అనంతపురం సంగతే చూడండి. 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఫిజిక్సు డిపార్ట్‌మెంటు వాళ్లు మన గాలిలోని దుమ్మును, పొగను ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. వాన తక్కువ, దుమ్ము ఎక్కువ ఉన్న మన నేలకు చాలా పనికొచ్చే పని అది. ఈ పనిలో ఏథలోమీటర్ అని ఒక పరికరం వాడతారు. పంపు బయటి గాలిని పీల్చి తెల్లటి టేపు గుండా పంపిస్తుంది, కాసేపటికి టేపు మీద చింతగింజంత బూడిదరంగు మచ్చ పడుతుంది, అది మెల్లగా నల్లబడుతుంది. ఇవతల వేసిన కాంతి అవతలికి ఎంత తగ్గి వచ్చిందో చూసి గాలిలో మసి ఎంత ఉందో లెక్కకడతారు. మచ్చ మరీ నల్లబడితే టేపు తనే ముందుకు జరిగి కొత్త చోటు చూపిస్తుంది. మసి లెక్కకు 880 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని తీసుకుంటారు, అక్కడ కాంతిని మింగేది దాదాపు మసి ఒక్కటే కాబట్టి.

పొద్దున పూట మసి ఎక్కువ కనిపిస్తుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. బండ్లు తగ్గాయి కాబట్టే అనుకోకండి. పొద్దున నేలకు దగ్గర్లో ఉన్న గాలి పొర మందం తక్కువ, పొగ అందులోనే ఇరుక్కుంటుంది. ఎండ ఎక్కేసరికి గాలి పైకి లేచి కలిసిపోతుంది, పొగ పలచబడుతుంది. ఇదంతా పుస్తకంలో ఒక పేరా. గ్రాఫు మీద మీరు గీసిన గీత పొద్దున లేచి మధ్యాహ్నం దిగితే మాత్రం జన్మలో మర్చిపోరు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను చదివిన కాలేజీలో స్పెక్ట్రోమీటర్ ప్రాక్టికల్ అంటే సోడియం దీపం వెలిగించి, అది గులాబీరంగు నుంచి పసుపుకు తిరిగేదాకా కాచుకుని కూర్చోవడం. ఈలోపు కరెంటు పోయేది. చివరికి సీనియర్ల రికార్డు చూసి రీడింగులు రాసేసేవాళ్లం, సారు కూడా "త్వరగా కానివ్వండి" అనేవారు. తర్వాత ఎమ్మెస్సీ ప్రాజెక్టులోనూ అదే అలవాటుతో పది రీడింగులు పట్టుకెళ్తే, మా గైడు మేడమ్ నోట్‌బుక్ ఒక్క నిమిషం చూసి పక్కన పెట్టేశారు. "ఇవి తీసినవి కావమ్మా, వండినవి" అన్నారు. తిట్టలేదు. మూడు రోజులు అదే బల్ల దగ్గర కూర్చోబెట్టి మళ్లీ తీయించారు. నాకు ల్యాబు పని వచ్చింది ఆ మూడు రోజుల్లోనే. అందుకే మీ అబ్జర్వేషన్ బుక్‌లో కొట్టివేతలున్నా పర్వాలేదు, ఇంకు మరకలున్నా పర్వాలేదు, కళ్లతో చూసిన అంకెలే ఉండాలి.

ఇక బయటి అవకాశాలు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి, సెలవుల్లో రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. అప్లికేషన్లు చలికాలం మొదట్లోనే పడతాయి, ఏప్రిల్‌లో చూస్తే లాభం లేదు. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లో, బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో విడిగా విద్యార్థుల ప్రోగ్రాములున్నాయి. బెంగళూరు మనకు ఎంత దూరం చెప్పండి, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. తిరుపతి దగ్గర గాదంకిలో 130 మీటర్ల చదరం మేర 1024 యాంటెన్నాలతో వాతావరణ రాడార్ ఉంది, దాన్ని ఒక్కసారైనా వెళ్లి చూడండి.

డిగ్రీలో ఇప్పుడు ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. డబ్బు కట్టించుకుని, ఇంట్లో కూర్చున్నా సర్టిఫికెట్ ఇచ్చే చోట్లకు దయచేసి వెళ్లకండి. ఆ రెండు నెలలు యూనివర్సిటీలో పంపు ఫిల్టరు తుడిచినా, వైరు సోల్డరింగ్ చేసినా, కంప్యూటర్లో పైథాన్ ప్రోగ్రాముతో ఒక గ్రాఫు గీసినా మీ చేతికి ఒక పని వచ్చినట్టే.

ప్రొఫెసర్లకు మెయిల్ రాయడానికి టెన్షన్ పడకండి. ఒకే మెయిల్ నలభై మందికి పంపితే ఎవరూ చదవరు. ఒక్కరిని ఎంచుకుని, వాళ్ల పేపరు ఒకటి తెచ్చుకుని, అర్థమైనంత చదివి, అర్థం కానిది ఏదో ఒక వాక్యంలో అడగండి. మీరేం చదువుతున్నారో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరో రాయండి. పది వాక్యాలు చాలు. రెండు వారాలు జవాబు రాకపోతే మర్యాదగా ఇంకోసారి గుర్తుచేయండి, అదీ కాకపోతే నేరుగా డిపార్ట్‌మెంటుకు వెళ్లి కలవండి.

ఆదివారం ఇద్దరూ ఇంటికి రండి. ఉగ్గాని, బజ్జీ చేస్తాను, తిని ఇక్కడే కూర్చుని మొదటి మెయిల్ రాద్దాం. వచ్చేటప్పుడు అబ్జర్వేషన్ బుక్కులు తెచ్చుకోండి, నాకు చూడాలనుంది.

మీ అవ్వ