కరోబరీ కప్ప: గొడవ జన్యువుల దాకా ఎలా వచ్చింది?

2025 అక్టోబర్‌లో అబుదాబీలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ మహాసభలో ఒక తీర్మానం చాలా స్వల్ప తేడాతో వీగిపోయింది. జన్యువులు మార్చిన అడవి జీవులను ప్రకృతిలోకి వదలడం ప్రస్తుతానికి ఆపాలన్నది దాని సారాంశం. అది నెగ్గి ఉంటే ఆస్ట్రేలియాలో కరోబరీ కప్పపై జరుగుతున్న పరిశోధనకు గట్టి దెబ్బ తగిలేది. అదే ఏడాది అమెరికా కంపెనీ కొలోసల్ బయోసైన్సెస్ తన ఫౌండేషన్ ద్వారా, కప్పలను చంపే కైట్రిడ్ ఫంగస్‌ను తట్టుకునే కప్పల పరిశోధనకు మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి 30 లక్షల డాలర్లు ప్రకటించింది. అంతరించిన డైర్ వుల్ఫ్ అనే తోడేలును తిరిగి తెచ్చామని చెప్పుకుని శాస్త్రవేత్తల చేత చీవాట్లు తిన్న కంపెనీ ఇదే. దాంతో పాత గొడవ మళ్లీ మొదలైంది. చిత్తడి నేలలను కాపాడటానికి దొరకని డబ్బు జన్యువులకు మాత్రం ఎలా దొరుకుతోందని విమర్శకులు అడుగుతున్నారు.

కైట్రిడ్ కథ చాలామందికి తెలిసిందే. 1998లో బయటపడిన ఈ ఫంగస్ కప్ప చర్మంలో పెరుగుతుంది, ఒంట్లో లవణాల సమతూకాన్ని చెడగొడుతుంది, చివరికి గుండె ఆగిపోతుంది. దీనివల్ల 500కు పైగా ఉభయచర జాతులు తగ్గిపోయాయని 2019లో ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఆ లెక్క మీద కూడా తర్వాత వాదనలు నడిచాయి, అది వేరే సంగతి. ఇక్కడ మనకు కావాల్సింది దక్షిణ కరోబరీ కప్ప. న్యూ సౌత్ వేల్స్‌లోని కొజియస్కో నేషనల్ పార్కులో, మంచు పడే ఎత్తైన చిత్తడి నేలల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. నల్లటి ఒంటి మీద పసుపు చారలు, పొడవు మూడు సెంటీమీటర్లలోపే. అడవిలో 50 కూడా మిగల్లేదని అంచనా.

నా ఉద్దేశంలో అసలు మలుపు జన్యుశాస్త్రంలో రాలేదు. 2017లో దీని దగ్గరి చుట్టం ఉత్తర కరోబరీ కప్ప మీద వచ్చిన ఒక క్షేత్ర పరిశోధనలో వచ్చింది. ఆ ప్రాంతంలో క్రినియా సిగ్నిఫెరా అనే మామూలు చిన్న కప్ప విస్తారంగా ఉంటుంది. దాని ఒంట్లోనూ ఫంగస్ ఉంటుంది, పైగా బాగా ఎక్కువగా ఉంటుంది. కానీ దాని జనాభా మాత్రం తగ్గదు. ఈ చిన్న కప్పలు ఎక్కువగా ఉన్న చోట కరోబరీలు కనుమరుగయ్యాయి. అవి అరుదుగా ఉన్న చోట కరోబరీలు నిలదొక్కుకున్నాయి. మామూలుగా రోగి సంఖ్య తగ్గితే రోగం కూడా తగ్గాలి. ఇక్కడ అలా జరగదు. చివరి కరోబరీ చచ్చిపోయినా ఫంగస్‌కు ఇల్లు ఉంటుంది.

అంతవరకూ జనం నమ్మిన దారి ఒక్కటే: జూలో పెంచు, రోగం తగ్గుముఖం పట్టాక తిరిగి వదులు. టరోంగా జూ, మెల్‌బోర్న్ జూ ఆ పనిని ఎంతో శ్రద్ధగా చేశాయి. గుడ్లు పెట్టించాయి, పిల్లల్ని పెంచాయి, పార్కులోకి పంపాయి. ఫంగస్ చొరబడని కంచెల ఎన్‌క్లోజర్లు కూడా కొండల మీద కట్టారు. 2020 జనవరి కార్చిచ్చు వాటి మీదుగా పోయి కొన్ని కప్పల్ని బలి తీసుకుంది. కానీ మంటలు రాకపోయినా లెక్క తేలేది కాదు. ఎన్‌క్లోజర్ బయట కాలు పెట్టిన ప్రతి కప్పా ఆ చిన్న కప్పల మధ్యలోకే వెళ్లాలి. రోగం తగ్గే రోజు ఎప్పటికీ రాదని 2017 పరిశోధన చెప్పినట్టే.

మరి కప్పలే తమంతట తాము తట్టుకునే శక్తి తెచ్చుకోవా? కాలిఫోర్నియాలో అలాంటిది జరిగింది. యోసెమిటీలో పసుపుకాళ్ల కప్పలు ఫంగస్ దెబ్బకు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. దశాబ్దాల తర్వాత మిగిలినవాటిలో తట్టుకునేవి బలపడ్డాయి. అలాంటి కప్పలను వేరే సరస్సులకు తరలిస్తే అక్కడ కూడా కుదురుకున్నాయని 2024లో వచ్చిన పరిశోధన చూపించింది. కరోబరీకి ఆ తీరిక లేదు. గుడ్లు పెట్టే వయసు రావడానికే నాలుగేళ్లు కావాలి. ఏడాదికి ఒకసారే పెడుతుంది, ఆ గుడ్లు నలభైకి మించవు. తోకకప్పలు చలికాలమంతా మంచు కింద గడపాలి. ప్రకృతి ఎంపిక పని చేయాలంటే ఎంచుకోవడానికి కొన్నయినా మిగలాలి కదా.

ప్రయోగశాలలో ఫంగస్ సోకించిన కరోబరీలలో కొన్ని మిగతావాటికంటే మెరుగ్గా తట్టుకున్నాయని, రోగనిరోధక జన్యువుల్లోని తేడాలకు దీనితో సంబంధం కనిపించిందని 2019లో పరిశోధకురాలు టిఫనీ కోష్ బృందం ప్రచురించింది. తర్వాత పూర్తి జన్యుపటం కూడా సిద్ధమైంది. ఆ పటం మనిషిదానికి దాదాపు మూడు రెట్లు పెద్దది! ఇంత చిన్న ప్రాణికి అంత పెద్ద పుస్తకం ఎందుకో గానీ, చదవడానికి ఖర్చు మాత్రం తప్పదు. తట్టుకునే లక్షణం ఒక్క జన్యువుతో తేలేది కాదు. అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి ఉంటాయి. అందుకే ఈ బృందం ముందు రెండు దారులున్నాయి: పాడి పశువుల్లో చేసినట్టు తట్టుకునేవాటిని ఎంచి జత కట్టించడం, లేదా జన్యు సవరణ. దేనికైనా పరీక్ష కోసం కొన్ని కప్పలకు కావాలనే ఫంగస్ సోకించాలి. అందులో కొన్ని చనిపోతాయి.

విమర్శకుల మాట తీసిపారేసేదేమీ కాదు. కొజియస్కోలో అడవి గుర్రాలు నాచు నేలలను తొక్కి పాడు చేస్తున్నాయి. 2018లో రాష్ట్ర అసెంబ్లీ ఆ గుర్రాలకే వారసత్వ హోదా ఇస్తూ చట్టం చేసింది. హెలికాప్టర్ల నుంచి కాల్చడానికి 2023లో గానీ అనుమతి రాలేదు. మక్వారీ విశ్వవిద్యాలయం వాళ్లు ఎండకు వేడెక్కే ఇటుకల గూళ్లు పెట్టి మరో కప్పజాతికి రోగం తగ్గించారు, అది చవక కూడా. అయితే మంచు కింద బతికే కరోబరీకి వేడి గూళ్లు ఏమాత్రం పనికొస్తాయి? గుర్రాలన్నిటినీ తరిమేసినా చిన్న కప్పలు అక్కడే ఉంటాయి.

ఈ ఫంగస్ మూలం తూర్పు ఆసియా అని 2018లో తేలింది. పశ్చిమ కనుమల్లోనూ ఆసియా రకం విస్తరించి ఉంది. అయినా అక్కడ ఆస్ట్రేలియా తరహా మరణాలు కనబడలేదు. ఈ తేడా ఎందుకో తెలిస్తే ఆస్ట్రేలియా పరిశోధకులకూ పనికొస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు మన దేశంలో ఈ ఫంగస్‌ను పట్టే పరీక్షలపై పనిచేస్తున్నారు. దానికి కొలోసల్ లాంటి కంపెనీల పబ్లిసిటీ ఉండదు.

ఇక రేపు రాబోయే తగాదా అంతా చట్టంలోని ఒక గీత చుట్టూ తిరుగుతుంది. ఆస్ట్రేలియాలో జన్యుమార్పిడి జీవిని బయట వదలాలంటే జీన్ టెక్నాలజీ రెగ్యులేటర్ లైసెన్సు ఇవ్వాలి, అంతకుముందు ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. కానీ 2019 సవరణ తర్వాత, మూసగా వాడుకునే నమూనా డీఎన్‌ఏ ఏదీ అందించకుండా డీఎన్‌ఏను ఒకచోట కత్తిరించి, కణమే అతికించుకునేలా వదిలేసే పద్ధతి ఆ నియంత్రణ కిందికి రాదు. తట్టుకునే జన్యువును ఇంకో జాతి నుంచి తెచ్చి చేర్చితే వస్తుంది. జత కట్టించే పద్ధతికైతే ఆ చట్టంతో పనే లేదు. పరిశోధకులు ఏ దారి పడతారన్న దాన్ని బట్టే, ఇప్పుడు గొంతెత్తుతున్న వాళ్లకు తమ అభ్యంతరం చెప్పుకునే అధికారిక వేదిక ఉంటుందా లేదా అన్నది తేలుతుంది.